24 గంటలు, 7 రోజులు, 4 నెలలు

జమ్మికుంట పత్తి మార్కెట్ దగ్గర సెల్‌ఫోన్ పోయిందని, అనుమానం మీద పదో తరగతి పిల్లవాణ్ని ఠాణాకు పట్టుకుపోయారనుకుందాం. ఇంట్లోవాళ్లు తెలిసిన నాయకుడి దగ్గరికి పరుగెత్తుతారు. అంతకన్నా ముందు వాళ్లకు కొన్ని అంకెలు తెలిసి ఉండాలి.

2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న బాల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారిని లాకప్‌లోనూ జైల్లోనూ పెట్టకూడదు. బేడీలు వేయకూడదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. పెద్దవాళ్లతో కలిసి చేసింది కాకపోతే, మామూలు దొంగతనానికి ఎఫ్ఐఆర్ కూడా ఉండదు. స్టేషన్ డైరీలో రాస్తారు.

బెయిలు ఇవ్వడమే నియమం, కాదంటే బోర్డు కారణం రాయాలి. కూలి చేసుకునే తల్లిదండ్రులు బెయిలు షరతులు 7 రోజుల్లో తీర్చలేకపోతే, వాటిని మార్చడానికి పిల్లవాణ్ని మళ్లీ బోర్డు ముందుకు తేవాలి. డబ్బు లేనందుకు ఏ పిల్లవాడూ, విచారణలో ఉన్న పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోంలో మిగిలిపోకూడదనే ఈ ఏర్పాటు.

విచారణ 4 నెలల్లో ముగియాలి. మరో 2 నెలలు పొడిగించవచ్చు. చిన్న నేరమైతే, అప్పటికీ తేలకపోతే కేసు అంతటితో రద్దే. పెద్దవాళ్లకు ఆరు నెలలు ఒక పంటకాలం, పదో తరగతి పిల్లవాడికి మాత్రం ఏడాది చదువు.

మరి జరుగుతున్నదేమిటి? 2023 అక్టోబరు 31 నాటికి 362 బోర్డుల ముందున్న లక్షకు పైగా కేసుల్లో 55 శాతం పెండింగే అని ఇండియా జస్టిస్ రిపోర్ట్ లెక్క తేల్చింది. మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండాల్సిన బోర్డుల్లో, నాలుగింట ఒకదానికి పూర్తి సభ్యులే లేరు. హోంలకు రంగులు వేయించడం తర్వాత, ముందు ఆ ఖాళీలు నింపాలి.

హోం సిబ్బందే పిల్లల్ని హింసిస్తే 5 ఏళ్ల దాకా కఠిన జైలు, 5 లక్షల దాకా జరిమానా. కాబట్టి కలవడానికి వెళ్లినప్పుడు ఒంటిమీద దెబ్బలు కనిపిస్తే ఊరుకోకండి.

ఉచిత న్యాయవాది కోసం 15100, పిల్లలు ఆపదలో ఉంటే 1098. ఈ రెండు నంబర్లనూ జమ్మికుంట బస్టాండులో, బడి గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించమని మున్సిపాలిటీని అడుగుదాం.