బిల్లగన్నేరు: కషాయము, సూదిమందు

నీరు పోయువారు లేకున్నను గోడపగుళ్లలో సైతము మొలచి ఏడాది పొడుగునను పూచునది బిల్లగన్నేరు. దీని జన్మస్థానము మడగాస్కరు దీవి. మధుమేహమునకు దీని ఆకు నమలువారు మన యూళ్లలో నేటికిని గలరు. జమైకాలోను ఆ వాడుకయే యుండెను. అచ్చటినుండి వచ్చిన ఆకుల సారమును కెనడాలో రాబర్టు నోబుల్, చార్లెస్ బీర్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరీక్షించిరి. చక్కెర తగ్గలేదు, రక్తములోని తెల్లకణములు తగ్గినవి! 1958లో వారు ప్రకటించిన ఆ పరిశోధనమునుండి విన్‌బ్లాస్టిన్ అను కాన్సరు మందు పుట్టినది. ఆ వెనుక అమెరికాలో అదే యాకునుండి తీసిన విన్‌క్రిస్టిన్, రక్తపు కాన్సరు సోకిన పసివారికి ఇప్పటికిని ఇచ్చుచున్నారు.

అట్లయిన ఆకునే మరిగించి త్రాగరాదా యని రోగి బంధువు లడుగుట సహజము. విన్‌క్రిస్టిన్ ఒక్కసారికి సాధారణముగా రెండు మిల్లీగ్రాములకు మించనీయరు, సిరలోనికే ఎక్కింతురు. గ్రాము మందు తీయుటకు వందల కిలోల ఎండుటాకు కావలెను. ఆ యాకులో నూటికి పైబడిన ఆల్కలాయిడులు గలవు. గుప్పెడాకుల కషాయములో ఏది యెంత దిగినదో వంటింటి గిన్నెకు తెలియునా?

ఆస్పత్రి మందుతోపాటు కషాయమును త్రాగువారి చిక్కు ఇంకను పెద్దది. కాలేయములోని ఎంజైములు మందులను విరిచివేయును. కొన్ని మూలికలు వానిని చురుకుపరచును, కొన్ని మందగింపజేయును. మొదటి పక్షమున మందు పనిచేయకమునుపే తరుగును. రెండవ పక్షమున ఒంటిలో నిలిచి విషమగును. ఐరినోటికాన్ అను కాన్సరు మందునకు మూలము చైనాదేశపు చెట్టొకటి. ఐరోపాలో దిగులునకు వాడు మూలిక సెయింట్ జాన్స్ వర్ట్. ఈ రెంటిని కలిపి యిచ్చి నెదర్లాండ్సులో అయిదుగురు రోగులను పరీక్షించి, 2002లో ఫలితము ప్రకటించిరి: రక్తములో ఆ మందుయొక్క పనిచేయు రూపము 42 శాతము తగ్గినది. చెట్టుమందును చెట్టుమందే ఓడించినదన్నమాట.

మూలికను నిందించుటకు కాదు ఈ మాట. అసలు చిక్కు దాచుటలో నున్నది. వైద్యుడు కోపించునని రోగి నోరు విప్పడు. నాటువైద్యునికి ఆస్పత్రి సంగతి చెప్పడు. ఇందు తప్పు రోగిదే యనుట న్యాయము కాదు. మూలిక పేరెత్తినంతనే కేకలు వేయు డాక్టరునకును ఇందు భాగము గలదు. ఇంటిలో తీసుకొను చూర్ణము, లేహ్యము ఏవియని మెల్లగా అడుగుటకు అర నిమిషము చాలును. పొట్లము కంటబడినగాని, సూదికి ముందు దాని నెన్నాళ్లు ఆపవలెనో, అసలు ఆపవలెనో లేదో, ఆయనయు చెప్పజాలడు.