మాక్ మార్కులు చూసి బెంబేలెత్తొద్దు!
క్యాట్ బాటలో బళ్లారి విద్యార్థుల అవస్థలు

బళ్లారి: ఆదివారం మధ్యాహ్నం. కౌల్‌బజార్‌లోని ఆ ఇంట్లో జీన్స్ కుట్టే మిషన్లు ఆగి అప్పటికే గంటయింది. బీకాం చదివిన అమ్మాయి మాత్రం కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. 'ఎంతొచ్చింది పాపా?' అని తండ్రి అడిగితే 'అడగొద్దు నాయనా' అని ముఖం తిప్పుకొంది. 204 మార్కులకు వచ్చినవి 38. ఇది ఆరో మాక్ టెస్టు. ఐదోదానిలోనూ దాదాపు అంతే.

క్యాట్ రాసి మంచి బిజినెస్ స్కూల్లో చేరాలన్నది ఆమె కోరిక. 'ఈ ఏడు ఇక ఫీజు కట్టనులే, దండగ' అనే దాకా వచ్చింది. ఇలాంటి ఇళ్లు బళ్లారిలోనే కాదు.. హోసూరులో, బరంపురంలో, షోలాపూర్‌లో ఎన్నో.

ఇంట్లో ఒకటి.. బడిలో ఒకటి

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పరీక్షలో ఇంగ్లిషు. పాఠ్యభాగం చదివేటప్పుడు ఒక్కో వాక్యాన్నీ మనసులో తెలుగులోకి తెచ్చుకుని గానీ ముందుకు పోలేకపోవడం ఇక్కడి పిల్లల అసలు చిక్కు. తెలివికేం తక్కువ లేదు, వేగమే చాలదు. దీనికి దగ్గరిదారి ఏదీ కనిపించదు. రోజూ అరగంట ఇంగ్లిషు పత్రిక సంపాదకీయం చదివి, పేరా సారాన్ని ఇంగ్లిషులోనే ఒక వాక్యంలో రాసుకుంటే అనువాదం అలవాటు మెల్లగా తగ్గుతుంది. వారంలో ఫలితం కోరితే మాత్రం నిరాశే.

ఎన్ని ముట్టుకున్నామన్నది కాదు

2024 క్యాట్‌లో 68 ప్రశ్నలు ఇచ్చారు. మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకదాని సమయం మరోదానికి వాడుకోలేం. రైటుకు 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పుకు 1 కోత. జవాబు టైపు చేసే ప్రశ్నలకు కోత లేదు.

కౌల్‌బజార్ అమ్మాయి కథ ఇక్కడే తిరిగింది. లెక్కల విభాగంలో ఆప్షన్ల ప్రశ్నలు 14కు 14 రాసింది. రైటు 6, తప్పు 8. చేతికొచ్చింది 10. ఆ తప్పుల్లో ఆరింటిని గుడ్డిగా పెట్టానని తనే ఒప్పుకుంది. వాటిని వదిలేసి ఉంటే అదే చదువుతో 16 వచ్చేవి!

పాత మాక్‌లన్నీ ముందేసుకుని నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసింది. రానివి, వచ్చీ తొందరలో పోగొట్టుకున్నవి, టైము చాలనివి, అసలు ముట్టుకోకూడనివి. చివరి గడే ఎక్కువగా నిండింది. తండ్రి తొంగిచూసి 'కుట్టు వంకరపోతే గుడ్డంతా పారేస్తామా పాపా? ఆడికే విప్పుతాం' అన్నాడట. ఇప్పుడు వారానికి ఒక్క మాకే. మూడు రోజులు దాని తప్పుల మీదే.

మరో సంగతి. మాక్ పర్సంటైల్ ఆ మాక్ రాసినవారితో పోల్చి ఇచ్చేది. అక్కడ కూర్చునేవారు చాలావరకు గట్టిగా చదివేవారే కాబట్టి అంకె చిన్నదిగా కనిపిస్తుంది. అసలు పరీక్షలోనూ ఇటీవలి ఏళ్లలో సగం మార్కులు రాకుండానే 99 పర్సంటైల్ అందుకున్నవారున్నారు. పైగా ఐఐఎంలు పది, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఇంటర్వ్యూ కూడా చూస్తాయి. ఎవరి లెక్క వారిదే.

వేరే దారులూ ఉన్నాయి

క్యాట్ ఒక్కటే పట్టుకుని కూర్చోవడం మంచిది కాదు. కర్ణాటకలో పీజీసెట్, తమిళనాట టాన్‌సెట్ ద్వారా ఎంబీఏ సీట్లు దొరుకుతాయి. ఆంధ్ర, తెలంగాణ ఐసెట్‌లలో 200 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు కాబట్టి ఒక్కటీ వదలకూడదు. అయితే సరిహద్దుకు ఇవతల చదివినవారు అక్కడ 'లోకల్' కిందికి రారు. ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడినా లాభం లేదు! దరఖాస్తుకు ముందే నాన్‌లోకల్ నిబంధనలు చదువుకోవాలి. ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్‌లో తెలిస్తే ఏడాది పోయినట్లే.

ఆ అమ్మాయి క్యాట్ ఫీజు కట్టేసింది. పీజీసెట్‌కూ రాస్తానంటోంది. ఏడో మాక్ వచ్చే ఆదివారమే. ఆ రెండు గంటలూ మిషన్లు ఆపుతానని తండ్రి మాటిచ్చాడు.