ఘంటసాల గొంతులో ఆర్ద్రత ఎక్కడిది?

అమెరికా నల్లజాతివారి చర్చిపాటల ఆర్తి నుంచి సోల్ సంగీతం పుట్టింది. తెలుగులో అలాంటి ఆర్తి ఘంటసాల పాటలో ఉంది. కష్టాలే ఆ గొంతుకు ఆర్ద్రతనిచ్చాయంటారు. అది సగం నిజమే. విజయనగరంలో మధూకరం ఎత్తుకుని సంగీతం చదివారు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లారు. మద్రాసులో బృందగానాల్లో గొంతు కలిపారు. కానీ పస్తులున్న వాళ్లందరూ గాయకులు కాలేదు కదా! పట్రాయని సీతారామశాస్త్రి నేర్పిన విద్య లేకుంటే ఆ బాధ స్వరమయ్యేది కాదు. మరి చదువుకున్నవాళ్లందరూ ఘంటసాలలయ్యారా అంటే, కాలేదు. మాటలోని అర్థం పట్టుకుని పాడటం ఆయన సొంతం. 1953 నాటి ‘దేవదాసు’ పాటలే అందుకు రుజువు. ఆరోగ్యం దెబ్బతిన్న చివరి ఏళ్లలో భగవద్గీత పాడారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే కన్నుమూశారు.