రాకెట్ల కోటలో చరిత్ర పాఠం

సూళ్లూరుపేట: రాకెట్ నింగికెగసే ఆ కొద్ది నిమిషాలు మినహా శ్రీహరికోట ప్రశాంతంగానే ఉంటుంది. ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు బంగాళాఖాతం, మధ్యలో అడవి. తూర్పున సముద్రం ఉండటం, జనావాసాలు తక్కువగా ఉండటం, భూభ్రమణ వేగం కలిసిరావడం వంటి కారణాలతో 1969లో ఈ దీవిని ప్రయోగాలకు ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 సౌండింగ్ రాకెట్‌తో ప్రయోగాలు మొదలయ్యాయి. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమైంది. 1980 జులై 18న అదే తరహా రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది.

ఓటమి నుంచి గెలుపు దాకా సాగిన ఈ ప్రస్థానాన్ని షార్‌లోని అంతరిక్ష ప్రదర్శనశాల సందర్శకులకు తెలియజేస్తోంది. 2019లో ప్రయోగ వీక్షణ గ్యాలరీ కూడా అందుబాటులోకి వచ్చింది. ప్రయోగం చూడదలచినవారు ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని, గుర్తింపు కార్డు వెంట తెచ్చుకోవాలి. బస చేయాలనుకునేవారికి సుమారు 18 కిలోమీటర్ల దూరంలోని సూళ్లూరుపేట అనువైన పట్టణం.

రాకెట్ల రాకకు ముందు ఈ అడవి యానాదుల నివాసం. దుంపలు, తేనె, మూలికలు, చేపలు వారి జీవనాధారం. కేంద్రం కోసం అనేక కుటుంబాలు దీవిని వీడాయి. వారి త్యాగాన్నీ గుర్తుచేసుకున్నప్పుడే శ్రీహరికోట చరిత్ర సంపూర్ణమవుతుంది.