ముక్కు ఏ దుమ్మును ఆపుతుంది, దేన్ని వదిలేస్తుంది?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం బైక్ మీద వెళ్లినవాళ్లకి ఈ విషయం తెలిసే ఉంటుంది. ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వస్తుంది. ఇల్లందులో 1889లోనే బొగ్గు తవ్వకం మొదలైంది. బొగ్గు లారీలు, పాల్వంచలో థర్మల్ పవర్ స్టేషన్, అడవి పక్క ఊళ్లలో కట్టెల పొయ్యి పొగ... ఇదంతా మన గాలి. "ముక్కు పట్టేసిందిలే, లోపలికేం పోలేదు" అనుకుంటాం. నిజమేనా?

దీన్ని మనిషి మీద ప్రయోగం చేయకుండానే చూడొచ్చు. ఎలాగంటే, ముందు సీటీ స్కాన్‌తో ముక్కు లోపలి దారిని త్రీడీ మోడల్ చేస్తారు. దాన్ని లక్షల చిన్న చిన్న గదులుగా విడగొడతారు. ఒక్కో గదిలో గాలి ఎంత వేగంతో, ఎటు పోతుందో కంప్యూటర్ లెక్కేస్తుంది. తర్వాత ఆ గాలిలోకి రకరకాల సైజు రేణువుల్ని వదిలి, ఏది ఎక్కడ అంటుకుందో చూస్తారు.

ముక్కు రంధ్రం నుంచి సుమారు రెండు సెంటీమీటర్ల లోపల దారి బాగా ఇరుకు. అక్కడ గాలి స్పీడ్ పెరుగుతుంది, ఆ వెంటనే మలుపు తిరుగుతుంది. లోడ్ లారీ స్పీడ్‌గా వస్తే మూలమలుపులో తిరగలేక రోడ్డు దిగిపోతుంది కదా? పెద్ద రేణువులూ అంతే, గోడకి కొట్టుకుని చీమిడిలో అంటుకుపోతాయి. 10 మైక్రాన్లు దాటినవి చాలావరకు ఇలాగే ఆగిపోతాయి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, పోల్చుకోండి.

కానీ ఒక మైక్రాన్ సైజువి సైకిల్ లాంటివి. గాలితోపాటే సులువుగా మలుపు తిరిగి, ఊపిరితిత్తుల దాకా పోతాయి. కట్టెల పొగలో ఎక్కువగా ఉండేవి ఒక మైక్రాన్ కంటే చిన్నవే! అంటే మనకి కనిపించిన నలుపు ముక్కు ఆపింది మాత్రమే. దాటిపోయింది కనిపించదు.

ఇంకో మాట. ఒక్కొక్కరి ముక్కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒకరి స్కాన్‌తో చేసిన లెక్క ఇంకొకరికి అచ్చంగా సరిపోదు. అయినా అసలు సూత్రం మారదు.

మరి మనమేం చేయాలి? మూతికి కట్టుకునే తువ్వాలు ప్రధానంగా పెద్ద దుమ్మునే ఆపుతుంది. ఆ పని ముక్కు ఎలాగూ చేస్తోంది. సన్న రేణువులకి ఎన్95 మాస్క్ కావాలి, అదీ ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలి. నోటితో పీలిస్తే ముక్కు చేసే వడపోత కూడా పోతుంది, కాబట్టి వీలైనంత వరకు ముక్కుతోనే పీల్చండి. ఇంట్లో పొయ్యి దగ్గర అమ్మ రోజూ కూర్చుంటే, పొగ బయటికి పోయే దారి ముందు చూడండి. లారీ వెనక మనం ఉండేది పది నిమిషాలు, ఆమె పొయ్యి ముందు ఉండేది గంటలు.

మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.