మీకు తెలుసా? మింగగా మిగిలిన వెలుగే రంగు

● తెల్ల చొక్కా మీద సాంబారు మరకకు సబ్బు రుద్దగానే అది ఎర్రబడుతుంది. నీళ్లతో జాడిస్తే మళ్లీ పసుపుపచ్చ. ఇదంతా పసుపులోని కుర్కుమిన్ చేసే పని. తెల్లని వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. అందులో ఊదా, నీలం భాగాన్ని, సుమారు 425 నానోమీటర్ల దగ్గర, కుర్కుమిన్ ఎక్కువగా పీల్చుకుంటుంది. మిగిలిన వెలుగు మన కంటికి పసుపుగా తోస్తుంది. సబ్బులోని క్షారం తగిలితే ఆ అణువు ఒక హైడ్రోజన్ అయాన్‌ను వదిలేస్తుంది. అప్పుడు దాని ఎలక్ట్రాన్లు కదలడానికి మునుపటికంటే తక్కువ శక్తి ఉన్న వెలుగు చాలు. అందుకే ఆకుపచ్చ వైపు వెలుగును కూడా మింగడం మొదలుపెడుతుంది. ఇక బయటికొచ్చేది ఎరుపు. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి ఇదే: పసుపులో కాస్త సున్నం. ఎర్ర రంగు ఒక్క చుక్క కూడా అక్కర్లేదు!

● మైలుతుత్తం ఎరుపును మింగి నీలంగా కనిపిస్తుంది. దాన్ని పరీక్షనాళికలో వేడిచేసి చూడండి. నాళిక అంచున నీటి బొట్లు చేరతాయి, అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. చల్లారాక ఒక్క నీటి చుక్క వేస్తే మళ్లీ నీలం. మైలుతుత్తంలోని రాగి అదే. మారిందల్లా దాని చుట్టూ ఉన్న నీరే. ఆ నీరు పోతే రాగి పీల్చే వెలుగు పరారుణం వైపు జరిగిపోతుంది, అది మన కంటికి ఆనదు.

● కెంపుకు ఎరుపు ఇచ్చేది క్రోమియం. పచ్చకు ఆకుపచ్చ ఇచ్చేదీ సాధారణంగా క్రోమియమే. కెంపులో చుట్టూ ఉన్న ఆక్సిజన్ పరమాణువులు దాన్ని గట్టిగా బిగిస్తాయి, పచ్చలో ఆ బిగువు కాస్త తక్కువ. ఆ కాస్త తేడాతోనే మింగే రంగులు మారిపోతాయి. రసాయనశాస్త్రంలో నాకు ఇంతకంటే అందమైన ఉదాహరణ కనిపించలేదు.

● ఆకు ఎరుపునూ నీలాన్నీ పీల్చుకుని ఆకుపచ్చను వదులుతుంది. అదే ఆకును చీకటి గదిలో ఎర్ర దీపం కింద పెడితే దాదాపు నల్లగా ఉంటుంది.

● ఆకాశపు నీలం మాత్రం ఈ లెక్కలోకి రాదు. అక్కడ గాలి వెలుగును చెదరగొడుతుంది.

● పసుపు వెలుగు మాత్రమే ఇచ్చే సోడియం దీపం కింద నీలం చీర నల్లబడిపోతుంది. చీర వెనక్కి పంపాల్సిన నీలం ఆ దీపంలోనే లేదు. దుకాణంలో చీర నచ్చాక మన ఆడవాళ్లు దాన్ని గుమ్మం దాకా తెచ్చి, ఎండలో కొంగు పరిచి చూసేది అందుకే.