చుక్కల మందు దొరకనప్పుడు

నీటికాసుల జబ్బు, అదే గ్లాకోమా, చాలామందిలో నొప్పి లేకుండానే చూపును తినేస్తుంది. పోయిన చూపు మళ్లీ రాదు. అందుకే ఈ జబ్బుకు వేసుకునే చుక్కల కోసం వెళ్తే మందుల షాపువాడు "స్టాకు లేదండి, వారం ఆగండి" అంటే తలూపి ఇంటికి వచ్చేయకూడదు.

చూడాల్సింది బ్రాండు పేరు కాదు, సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు. లాటనోప్రోస్ట్ లాంటి మందును మన దేశంలో ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి. అదే మందు, అదే శాతం ఉన్న ఇంకో బ్రాండు కోసం జన ఔషధి కేంద్రంలోనూ, కంటి ఆసుపత్రి సొంత షాపులోనూ అడగాలి.

మందే మారాల్సి వస్తే మాత్రం డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. ఉదాహరణకు, గ్లాకోమాకే ఇచ్చే టిమోలాల్ చుక్కలు కంట్లో వేసినా రక్తంలో కలుస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరాడకుండా చేయగలవు. పక్కింటివాళ్ల సీసా అరువు తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో చాలామందికి తెలియదు.

లాటనోప్రోస్ట్ చాలా బ్రాండ్లలో మూత తీయని సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కాబట్టి ఇంట్లో ఫ్రిజ్ ఉంటే, ఉన్న సీసా అయిపోకముందే ఇంకోటి కొని అందులో పెట్టుకోవచ్చు.